కొలిమి దగ్గర పూర్తయ్యే పనిముట్టు

హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న కిలో సుత్తెను కొన్నది కొన్నట్టే కొలిమి దగ్గర వాడితే, ఎర్రగా కాలిన ఇనుము దాని లోపాన్ని వెంటనే చూపిస్తుంది. సుత్తె ముఖం చుట్టూ ఉన్న పదునైన అంచు ప్రతి దెబ్బకూ మెత్తబడ్డ ఇనుము మీద ఒక గాటు వదులుతుంది. తర్వాతి దెబ్బకు ఆ గాటు మడతపడి నల్లని పెచ్చును లోపల దాచుకుంటుంది. కొడవలి తయారై, చేలో కొన్నాళ్ళు పనిచేశాక పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అలాగని ఆ సుత్తె నాసిరకమేమీ కాదు. మేకులు కొట్టడానికీ, మెకానిక్కు షెడ్డులో చల్లని లోహం మీద వాడటానికీ చక్కగా సరిపోతుంది. దాన్ని కమ్మరి సుత్తెగా మార్చాలంటే అంచును చుట్టూ గుండ్రంగా అరగదీయాలి, ముఖం నడుమ చేతికి తెలిసీ తెలియనంత ఉబ్బు ఉంచాలి, చివరికి నున్నగా మెరుగుపెట్టాలి. చౌక పనిముట్టును ఇలా దిద్దుకోవడాన్ని డబ్బులేనివాడి సర్దుబాటుగా చూడటం మనకు అలవాటైపోయింది. కమ్మరి విద్యలో అసలు పాఠం ఇదేనని, పూర్తిగా తయారైన పనిముట్ల పెట్టెను చేతిలో పెట్టి ఈ పాఠాన్ని దాటవేయిస్తే వృత్తికి మేలు కన్నా నష్టమే ఎక్కువని నేను నమ్ముతున్నాను. ఈ మాటను నిలబెట్టడానికి గోదావరి ఒడ్డున, మరాఠీ, తెలుగు, పంజాబీ, దక్కనీ ఉర్దూ ఒకే బజారులో వినిపించే నాందేడ్ ప్రాంతం కన్నా మంచి చోటు దొరకదు.

నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాలు ఇప్పటికీ తెలంగాణ సరిహద్దును ఆనుకునే ఉన్నాయి. ఆ ఊళ్ళలో తెలుగు ఇంటిభాషగా బతికే ఉంది. ఇనుము పనిచేసేవాళ్ళలోనూ ఈ కలయిక కనిపిస్తుంది. విశ్వకర్మ సంప్రదాయానికి చెందిన పాంచాళ కుటుంబాలూ, తెలుగు కమ్మరులూ ఊళ్ళలో కొలుములు పెట్టుకున్నవాళ్ళు. ఘిసాడీలు ఊరూరూ తిరుగుతూ రోడ్డు పక్కనే కొలిమి వేసి పనిచేసే సంచార కమ్మరులు. నగరంలో, 1708లో గురు గోబింద్ సింగ్ చివరి రోజులు గడిపిన చోట వెలసిన సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్ గురుద్వారా నీడన, సిక్లీగర్ కుటుంబాలున్నాయి. సిక్కు సేనలకు ఆయుధాలు చేసినవాళ్ళుగా పేరున్న ఈ సముదాయం కిర్పాన్‌లు, కడాలతో పాటు కత్తులు, వంటింటి సామాను, తాళాల పని దాకా అనేక పనుల మీద బతుకుతోంది. వీళ్ళ కులాలు వేరు, భాషలు వేరు, మొక్కే దేవుళ్ళు వేరు. ముడిసరుకు మాత్రం చాలావరకు ఒకటే: లారీల కమాను పట్టీలు, అరిగిన ఆకురాళ్ళు, విరిగిన గడ్డపారలు, పాత బేరింగులు. నల్లరేగడి నేలలో పత్తి, సోయా, పసుపు పండించే ఈ జిల్లాలో వానాకాలం ముందు గుంటక ఇనుప బద్దలూ, కొడవళ్ళూ, గొడ్డళ్ళూ మళ్ళీ కొలిమెక్కాలి. ఆ పనిని నడిపించేది తుక్కు దుకాణం.

తుక్కు మీద ఆధారపడటం కొత్త దుస్థితి అని కొందరు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. నాందేడ్ నుంచి నిజామాబాద్ వైపు వెళితే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరు వస్తుంది. ఒకప్పుడు అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దిమ్మలను కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. దక్షిణాదిని కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ఆ పనిని కళ్ళారా చూసి రాసిన వివరణ, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో సర్వే చేసి, ఇనుము, ఉక్కు తీసిన చోట్ల మిగిలిన చిట్టెం కుప్పలను నమోదు చేశాయి. వాయిసీ వివరణలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒక చిన్న సంగతి. కోనసముద్రం పనివాళ్ళు ఒకే రకం ఇనుముతో ఉక్కు తీయలేదు, వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుమును పాళ్ళు చూసి మూసలో కలిపారు. అంటే ఆ ఉక్కు ఖ్యాతి వెనుక ఉన్నది ఏ ఇనుము ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలిసిన చూపు. కర్బనం అనే మాట వాళ్ళకు తెలియకపోవచ్చు. దాని ఫలితం వాళ్ళ చేతికి తెలుసు.

విదేశీ చౌక ఇనుము ఓడల్లో దిగి, రైళ్ళలో లోపలి ప్రాంతాలకు చేరాక స్థానికంగా ఇనుము తీసే పని నిలబడలేకపోయింది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా వేసిన గోదావరి లోయ మీటర్‌గేజి మార్గం నాందేడ్ మీదుగానే పోయింది. కొలిమికి ముడి ఇనుము అందించిన అడవీ, గనీ దూరమయ్యాయి. ఆ తర్వాత రోడ్ల మీద లారీలు పెరిగినకొద్దీ మరమ్మతు షెడ్ల వెనుక కొత్త గని తెరుచుకుంది. అక్కడ దొరికే సరుకు తక్కువదేమీ కాదు. లారీ కమాను పట్టీలో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. కొడవలికీ, గొడ్డలికీ, ఉలికీ అది సరిగ్గా సరిపోతుంది. మంచి ఆకురాయిలో 1 శాతం పైన, బేరింగు గిన్నెలో 1 శాతం దగ్గర కర్బనంతో పాటు దాదాపు 1.5 శాతం క్రోమియం ఉంటాయి. ఇళ్ళు కట్టే చువ్వలో అది పావు శాతానికి అటూఇటూ. రెండు ఇనుములను పాళ్ళు చూసి కలిపిన ఆ పాత చూపే ఇప్పుడు తుక్కు కుప్ప ముందు నిలబడి, ఏ ముక్క దేనికి పనికొస్తుందో ఏరుతోంది. విద్య తెగిపోలేదు, మూస నుంచి కుప్పకు చోటు మార్చుకుంది.

ఈ చూపు ఎంత సూక్ష్మమైనదో తెలియాలంటే పట్టుకారును చూడాలి. కొలిమి పనిలో చేతికి నిజంగా ప్రాణం పోసేదీ, ప్రాణం తీయగలిగేదీ అదే. దుకాణంలో దొరికే పట్టుకారు మూతి ఏదో ఒక మందానికి తయారై ఉంటుంది. అంతకన్నా మందపాటి కడ్డీని పట్టుకుంటే రెండు దవడలూ ముందు తెరుచుకుని లోపలి మూల మాత్రమే ఆనుతుంది, సన్నని దాన్ని పట్టుకుంటే కొస మాత్రమే ఆనుతుంది. రెండు సందర్భాల్లోనూ సమ్మెట దెబ్బ పడగానే కడ్డీ తిరుగుతుంది, లేదా ఎర్రగా కాలిన ముక్క చేతిలోంచి ఎగిరిపోతుంది. దీనికి విరుగుడు చాలా పాతది. పట్టుకారు మూతిని మాత్రమే ఎర్రగా కాల్చి, తాను రోజూ పట్టుకునే మందం ఉన్న చల్లని ముక్కను దవడల మధ్య పెట్టి, పైనుంచి సుత్తెతో కొట్టాలి. దవడలు ఆ ముక్క ఆకారాన్నే తీసుకుని పొడవునా సమంగా ఆనుకుంటాయి. ఆ ముక్కను అలాగే ఉంచి కాళ్ళను వంచి, పిడికిలిలో అవి ఒకదానికొకటి తగలకుండా, చేయి అలసిపోనంత ఎడంగా సర్దాలి. గుండ్రటి చువ్వ కోసమైతే దవడల లోపల లోతైన గాడి తీయాలి. కొడవలి పట్టీ కోసమైతే పక్కకు జారకుండా ఒక దవడకు చిన్న అంచులు లేపాలి. అందుకే పాత కొలుముల్లో ఒక్క పట్టుకారు ఉండదు, వరసగా అనేకం వేలాడుతుంటాయి.

వాటన్నిటినీ కొనడం ఏ చిన్న కమ్మరికీ కుదిరే పని కాదు, కొననక్కర్లేదు కూడా. వడ్రంగి మేకులు లాగే చౌక పకడు ఒకటి తీసుకుంటే, లోపలికి వంగిన దాని మూతిని కాల్చి చాచి, పొట్టి కాళ్ళకు పది మిల్లీమీటర్ల చువ్వలు వెల్డింగ్ చేస్తే కొలిమికి పనికొచ్చే పట్టుకారు అవుతుంది. అతుకు మూతికి దూరంగా, వేడి తగలని చోట పడాలి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఈ పనిముట్టుకు ఖరీదైన ఉక్కు మంచిది కాదు. ఎక్కువ కర్బనం ఉన్న పకడు మూతి ఎర్రబడ్డాక దాన్ని అలవాటుగా నీళ్ళతొట్టిలో ముంచితే పెళుసెక్కి, మరుసటి దెబ్బకు పుటుక్కున విరుగుతుంది. అలాంటి దాన్ని కాల్చిన ప్రతిసారీ బూడిదలో నెమ్మదిగా చల్లారనివ్వాలి. మెత్తని మామూలు ఇనుముతో చేసిన పట్టుకారుకు ఈ బెడద లేదు. ఎన్నిసార్లు ముంచినా వంగుతుందే తప్ప విరగదు, వంగితే మళ్ళీ కాల్చి సరిచేసుకోవచ్చు. ధర ఎక్కువైతే నాణ్యత ఎక్కువ అనే బజారు లెక్క కొలిమి దగ్గర తలకిందులయ్యే సందర్భం ఇది. ఈ సంగతిని పనిముట్ల పెట్టె మీద అంటించిన చీటీ చెప్పదు. పట్టుకారును తన చేత్తో మార్చుకున్నవాడికే అది తెలుస్తుంది.

సుత్తె కర్ర విషయం కూడా ఇలాంటిదే. కారఖానా కర్ర లావుగా, గుండ్రంగా, జారుడు వార్నిషుతో వస్తుంది. గుండ్రటి కర్ర చేతిలో తిరుగుతుంది కాబట్టి దాన్ని తిరగకుండా పట్టుకోవడానికే పిడికిలి సగం బలం ఖర్చవుతుంది, సాయంత్రానికి మోచేయి నొప్పి మొదలవుతుంది. కోడిగుడ్డు వాలున చెక్కిన తుమ్మకర్ర వేస్తే సుత్తె ముఖం ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. మరాఠ్వాడా పొలంగట్ల మీద తుమ్మకు కొదవలేదు. శానాలు, ఉలులు, తూటు పొడిచే మేకుల దగ్గర అసలు విషయం కోణం. చల్లని ఇనుమును కోసే ఉలి కొస దాదాపు 60 డిగ్రీల కోణంలో మొండిగా ఉండాలి, లేకపోతే విరుగుతుంది. అదే ఉలిని వేడి ఇనుము కోయడానికి వాడాలంటే కొసను 30 డిగ్రీల దాకా పలచగా అరగదీయాలి, చేయి మంటకు దూరంగా ఉండేలా పొడుగు పిడి బిగించాలి. దుకాణంలో రెండు ఉలులు కొని ఒకదాన్ని మార్చుకుంటే రెండు పనులూ జరుగుతాయి. తూటు పొడిచే మేకులకు పాత ఇరుసు ముక్కలు, రోడ్లు పగలగొట్టే యంత్రాల అరిగిన కొసలు బాగా పనికొస్తాయి. ఘిసాడీల బండ్ల దగ్గర కనిపించే గాలిపంఖానూ ఇదే వరసలో చేర్చాలి: సైకిలు చక్రపు రిమ్ముకు తాడు చుట్టి తిప్పితే చిన్న పంఖా జోరుగా తిరుగుతుంది, తోలుతిత్తి లాగడానికి ఇంకో మనిషి అవసరం తప్పుతుంది.

దాకలి దగ్గరకు వచ్చేసరికి చౌక అన్నిచోట్లా ఒకేలా పనిచేయదని ఒప్పుకోవాలి. తక్కువ ధరకు దొరికే దాకలులు కొన్ని పోత ఇనుముతో చేసినవి. చూడటానికి కొమ్ముతో, రంగుతో నిండుగా ఉంటాయి. సుత్తె దెబ్బకు గుంటలు పడతాయి, అంచులు రాలుతాయి, దెబ్బ బలాన్ని తిరిగి ఇవ్వవు. ఒక బేరింగు గుండును అడుగెత్తు నుంచి వదిలి చూస్తే తేడా తేలిపోతుంది. ఉక్కు ముఖం మీద అది చాలా ఎత్తుకు ఎగురుతుంది, పోత ఇనుము మీద చప్పగా ఆగిపోతుంది. పోత దాకలిని ఏ మార్పూ బాగుచేయలేదు. దాని బదులు చౌకగా దొరికే ఎనిమిది పది కిలోల సమ్మెట తలను మొద్దులో సగం దాకా దిగేసి, పైకి మిగిలిన ముఖాన్ని నున్నగా చేసుకుంటే చిన్న పనులకు ఎంతో మేలు. లారీ వెనుక ఇరుసును కోసి, దాని వెడల్పాటి చక్రపు భాగం పైకి వచ్చేలా నిలబెట్టినా మంచి దాకలి అవుతుంది. అందరికీ మొదట తోచేది మాత్రం రైలుపట్టా ముక్క. దక్షిణ మధ్య రైల్వేలో ఒక డివిజనుకు కేంద్రమైన నాందేడ్‌లో ఈ ఆలోచన రావడం సహజం. అయితే వేలంలో కొన్న రసీదు లేని పట్టా ముక్కను దగ్గర పెట్టుకోవడం 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద నేరం. తొలిసారికే ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. అసలే పోలీసుల అనుమానపు చూపు మధ్య బతికే సంచార కుటుంబానికి ఈ హెచ్చరిక ఇవ్వకుండా పట్టా గురించి చెప్పడం అన్యాయం. రసీదుతో వచ్చిన ముక్క ఉంటే దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి వాడాలి. మీటరుకు 60 కిలోలుండే పట్టా అడుగు ముక్క 18 కిలోల పైన తూగుతుంది. నిలబెట్టినప్పుడు ఆ బరువంతా దెబ్బ కిందే ఉంటుంది. పడుకోబెడితే నడుమ ఉన్న సన్నని గోడ స్ప్రింగులా ఊగి బలాన్ని తినేస్తుంది.

ఇంతదాకా చెప్పినదానికి అన్నిటికన్నా బలమైన అభ్యంతరం లోహశాస్త్రం చదివినవాళ్ళ నుంచి వస్తుంది. తుక్కులో దొరికిన ముక్క ఏ ఉక్కో తెలియదు, తెలియని ఉక్కుతో చేసిన పనిముట్టును ఎలా నమ్మాలి అని. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. చౌక ఆకురాళ్ళు కొన్ని పైపొర మాత్రమే గట్టిగా ఉండి లోపల మెత్తగా ఉంటాయి. కమాను పట్టీ అయితే ఏళ్ళ తరబడి లారీ బరువు కింద ఊగి ఊగి కంటికి కనిపించని పగుళ్ళు పట్టి ఉండవచ్చు. దీనికి జవాబు నమ్మకంలో లేదు, పరీక్షలో ఉంది. ముక్క కొసను కోసి, ఎర్రగా కాల్చి, నీటిలో ముంచి, ఆకురాయితో గీయాలి. ఆకురాయి జారిపోతే అది గట్టిపడే ఉక్కు, కొరికితే మెత్తని ఇనుము. తర్వాత గుడ్డలో చుట్టి దాకలి అంచున పెట్టి విరగ్గొట్టాలి. విరిగిన చోట బూడిదరంగులో సన్నని పొడి లాంటి రేణువులు కనిపిస్తే వేడి సరిగ్గా పడిందని అర్థం. పంచదార పలుకుల్లా మెరిస్తే మరీ ఎక్కువ కాల్చారని అర్థం. ఎంత కాల్చాలో చెప్పడానికి ఒక పాత స్పీకరు అయస్కాంతం చాలు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంతకు కొంచెం పైన ముంచాలి. కమాను పట్టీని నీటిలో ముంచితే పగిలే ప్రమాదముంది కాబట్టి నూనెలో ముంచడం మేలు. ఆ నూనె మూతున్న ఇనుప డబ్బాలోనే ఉండాలి. ఆ తర్వాత మెరుగుపెట్టిన ఉక్కును మళ్ళీ మెల్లగా వేడిచేస్తే దాని మీద రంగులు నడుస్తాయి. 220 డిగ్రీల ప్రాంతంలో ఎండుగడ్డి రంగు, ఆపైన ఊదా, 300 దగ్గర నీలం. కోసే కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపాలి, దెబ్బలు తినే ఉలికి ఊదా దాటి నీలం మొదలయ్యే దాకా పోనివ్వాలి. ఈ పరీక్ష ఒక ముక్క మీద నెగ్గితే ఆ పట్టీ అంతటినీ దాదాపు నమ్మవచ్చు. కొన్న ఉలి లోపల ఏముందో కూడా దుకాణదారుడికి తెలియదు కదా. దాన్నీ ఇలా పరీక్షించగలిగేది కమ్మరి ఒక్కడే.

ఇళ్ళకు వాడే టీఎంటీ చువ్వ ఈ పరీక్ష విలువను మరో వైపు నుంచి చూపిస్తుంది. దాని బలం చాలావరకు కారఖానాలో వేడివేడిగా నీటి జల్లు కింద పోనిచ్చినప్పుడు ఏర్పడిన గట్టి పైపొర వల్ల వస్తుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి చల్లారనిస్తే ఆ పొర మాయమవుతుంది, మళ్ళీ ముంచినా ఉలికి కావలసినంత గట్టిదనం రాదు. కొత్తగా ఈ పనికి వచ్చినవాళ్ళు దాంతో ఉలి చేసి, మొదటి దెబ్బకే కొస వంగిపోతే తమ చేతిని తిట్టుకుంటారు. చేతి తప్పేమీ లేదు, ఎంపిక తప్పు. అదే చువ్వ పట్టుకారు కాళ్ళకు ఎంతో బాగుంటుంది.

రెండో అభ్యంతరం ఆర్థికమైనది. ఒక పూట పట్టుకారు చేసుకుంటూ కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది, కాబట్టి కొనుక్కోవడమే లాభం అంటారు. సమ్మెట విషయంలో, డ్రిల్లింగు యంత్రం విషయంలో, గ్రైండరు విషయంలో ఈ లెక్క నిజమే. వాటిని ఎవరూ చేసుకోనక్కర్లేదు. మిగిలిన వాటికి లెక్క మరోలా ఉంటుంది. కొన్న పట్టుకారు సరిగ్గా పట్టకపోతే ప్రతి కొడవలికీ అదనంగా కాల్పులు పడతాయి, బొగ్గు ఖర్చవుతుంది, ప్రతి కాల్పుకూ ఉక్కు పైనున్న కర్బనం కొంత కాలిపోతుంది. ఒక పూట నష్టం ఒకసారే వస్తుంది, సరిపడని పనిముట్టు నష్టం రోజూ వస్తుంది. పైగా చేసుకున్నవాడు విరిగితే బాగుచేసుకోగలడు. వాన మొదలయ్యే వారంలో, రైతులు గుంటకలతో వాకిట్లో నిలబడ్డప్పుడు, నగరం నుంచి కొత్త పనిముట్టు వచ్చేదాకా ఆగడం అంటే ఆ ఏటి పని పోగొట్టుకోవడమే.

పేదరికపు అలవాటుకు గొప్ప పేరు పెడుతున్నారనే మాట కూడా వినిపిస్తుంది. దీనికి జవాబు ఖండాంతరంలో ఉంది. జావాలో పుట్టి, ఇంజనీరింగు చదివి, శిల్పిగా కాలిఫోర్నియాలో స్థిరపడ్డ డచ్ మూలాల కళాకారుడు అలెగ్జాండర్ వైగర్స్ 1973లో పనిముట్ల తయారీ మీద ఒక పుస్తకం వెలువరించాడు. పాత కార్ల స్ప్రింగులు, ఇరుసులు, తుక్కు ఉక్కుతో ఉలులు, సుత్తెలు, చెక్కుడు పనిముట్లు చేసుకోవడమే అందులోని విషయం. కొనగలిగిన దేశంలో, కొనగలిగిన మనుషులకు ఆయన బోధించినది ఇదే. తన పనిముట్టును తాను చేసుకున్న శిల్పికి తన పనిమీద అధికారం వస్తుందని ఆయన పట్టుదల. ఆ పుస్తకాన్ని ఈనాటికీ కమ్మరులు, చెక్కపనివాళ్ళు వెతుక్కుని చదువుతారు. వైగర్స్ చేస్తే కళ, ఘిసాడీ చేస్తే గతిలేనితనం అనుకోవడంలో లోపం చూసేవారిది.

ప్రమాదం గురించిన భయం మాత్రం పూర్తిగా న్యాయమైనది, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. జింకు పూత పూసిన పైపులను, రేకులను కొలిమిలో పెడితే 907 డిగ్రీల దగ్గర జింకు మరిగి తెల్లని పొగగా లేస్తుంది. అది పీల్చినవాళ్ళకు కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది. మెరిసే క్రోమియం పూత ఉన్న పానాలను కాల్చడం అంతకన్నా హానికరం, పూత పూర్తిగా అరగదీయందే ముట్టుకోకూడదు. మూసి ఉన్న షాకబ్జార్బర్లు నిప్పులో పేలతాయి. ఉలి తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు తూటాల్లా ఎగిరి కంట్లో దిగుతాయి కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు అరగదీయాలి. గట్టి సుత్తెతో గట్టి ఆకురాయినో బేరింగునో నేరుగా కొట్టకూడదు. గ్రైండరు పట్టేటప్పుడు సుత్తె ముఖం నీలంగా మారితే దాని పదును పోయినట్టే, నీటిలో ముంచుతూ అరగదీయాలి. కళ్ళద్దాలు లేకుండా ఇవేవీ చేయకూడదు. ఇవన్నీ నేర్పదగిన విషయాలు, నేర్పితే ప్రాణాలు కాపాడేవి. నేర్పనప్పుడు మాత్రం కొన్న పనిముట్టుతోనైనా అవే ప్రమాదాలు జరుగుతాయి.

ఈ వాదనను ఇప్పుడు చెప్పాల్సి రావడానికి కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను చేర్చుకుంది. వాటిలో కమ్మరులు, ఆయుధకారులు, సుత్తెలు, పనిముట్ల పెట్టెలు తయారుచేసేవారు, తాళాలు చేసేవారు వేర్వేరుగా ఉన్నారు. నాందేడ్‌లోని పాంచాళులకూ, ఘిసాడీలకూ, సిక్లీగర్లకూ ఈ జాబితాలో చోటుంది. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఈ-వోచరు, తక్కువ వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఇందులో ఉన్నాయి. ఇంత డబ్బు ఈ వృత్తుల వైపు రావడం మంచిదే, దాన్ని వదులుకోమని ఎవరూ చెప్పరు. అయితే ఆ వోచరు పట్టుకారు, సుత్తె, ఉలి నిండిన పెట్టెగా మారితే, కమ్మరి తన చేత్తో ఇంకా బాగా చేసుకోగలిగినవే మళ్ళీ కొన్నట్టు అవుతుంది. ఆ 15,000లో ఎక్కువ భాగం అతను కొలిమిలో చేసుకోలేని వాటికి పోవాలి: కరెంటు పంఖా, గ్రైండరు, దానికి మంచి చక్రాలు, డ్రిల్లు, కళ్ళద్దాలు, నిజమైన ఉక్కు ముఖం ఉన్న దాకలి. మిగిలిన కొద్ది డబ్బుతో చౌక సుత్తె ఒకటి, పకడు ఒకటి, ఉలులు రెండు చాలు.

శిక్షణ రోజుల్ని కూడా అలాగే పంచవచ్చు. మొదటి రోజు తుక్కు కుప్ప ముందే గడవాలి. కమాను పట్టీ, ఆకురాయి, టీఎంటీ చువ్వ, పోత ముక్క, బేరింగు ఇచ్చి, కాల్చి, ముంచి, విరగ్గొట్టి ఏది ఏమిటో చెప్పమనాలి. తెలుగులోనో, మరాఠీలోనో, దక్కనీలోనో చెప్పనివ్వాలి. రెండో రోజు సుత్తె ముఖం, కర్ర. మూడో రోజంతా పట్టుకారుకే. మిగిలిన రోజుల్లో ఉలి పదును, రంగుల లెక్క, గ్రైండరు జాగ్రత్తలు. నేర్పేవాడు పట్టా ఉన్న ఇంజనీరే కానక్కర్లేదు. ఊళ్ళో నలభై ఏళ్ళు కొలిమి దగ్గర గడిపిన కమ్మరికో, సిక్లీగర్ ముసలాయనకో గురువు స్థానమూ, గురువు జీతమూ ఇవ్వాలి. చివరి రోజు పరీక్షకు రాత కాగితం అక్కర్లేదు. వచ్చినవాడు తాను మార్చుకున్న సుత్తె, పట్టుకారు, ఉలులతోనే ఒక గుంటక బద్ద కొట్టి, పదును పెట్టి, బయట నల్లరేగడి చేలో దాన్ని నడిపించి చూపించాలి.